ఖాళీ హెల్మెట్

ఇన్‌స్పెక్టర్ ఆ హెల్మెట్‌ని బల్ల మీద పెట్టలేదు, పడేశాడు.

"కోర్టువారు చూడమన్నారు కాబట్టి చూడండి. తాకమని మాత్రం ఎక్కడా రాయలేదు," అన్నాడు.

డిటెక్టివ్ కూర్చోవడానికి చుట్టూ చూసింది. గదిలో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో అతను కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. కొన్నేళ్ళ కిందట ఇదే స్టేషన్లో ఆమె ఇన్‌స్పెక్టరుగా ఉన్నప్పుడు, అతను ఫైళ్ళు పట్టుకుని ఆమె ఎదురుగా నిలబడి ఉండేవాడు. ఆ నిలబడటాలేవీ అతను మర్చిపోయినట్టు లేదు. ఆమె కుర్చీ సంగతి వదిలేసి, సంచిలోంచి చేతి తొడుగులు తీసింది.

"తాకకుండా చూసేదానికి మీరు తీయించిన ఫోటో చాలుగా. జడ్జిగారికి ఆ మాటే ఫోన్ చేసి చెప్పమంటారా?"

అతను కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. అలాగని లేచి వెళ్ళనూ లేదు.

కేసు చూడటానికి చిన్నదే. నాలుగు రోజుల కిందట పొద్దున్నే, మోటార్ సైకిల్ నడపడం నేర్పే మాస్టారు తన శిక్షణ మైదానం ప్రహరీ మలుపు దగ్గర చనిపోయి కనిపించాడు. పక్కనే ఆయన బండి పడి ఉంది. తలకున్న హెల్మెట్ కుడివైపు నిలువునా పగిలింది. బండి అదుపు తప్పి గోడకి కొట్టుకున్నాడనీ, హెల్మెట్ నకిలీది కావడంతో తల కాయలేకపోయిందనీ ఇన్‌స్పెక్టర్ తేల్చేశాడు. ఆ హెల్మెట్ అమ్మినవాడు మాస్టారికి సొంత బావమరిది. నాసిరకం సరుకు మీద నాణ్యత ముద్ర అంటించి అమ్మాడని అతని కొట్టుకి సీలు వేసి, అతన్ని లాకప్‌లో పెట్టాడు. పేపర్లలో ఇన్‌స్పెక్టర్ ఫోటో కూడా వచ్చింది.

డిటెక్టివ్‌ని పెట్టుకున్నది ఆ కొట్టువాడి తండ్రి. జీవితమంతా మోటార్ సైకిళ్ళు బాగుచేసిన మనిషి. ఒక్క పొద్దుతో అల్లుడు పోయాడు, కొడుకు జైలుపాలయ్యాడు, కూతురు మాట్లాడటం మానేసింది. కొడుకు అమ్మిన హెల్మెట్ వల్ల అల్లుడు చనిపోలేదని రుజువు చేస్తే చాలని ఆయన ఆమె ఆఫీసులో చేతులు జోడించాడు.

ఈ గదిలోకి వచ్చే ముందు ఆమె లాకప్‌లో ఉన్న కొట్టువాడితో మాట్లాడింది. అతను లేచి నిలబడలేదు సరికదా, మీవల్ల ఒరిగేదేముంది, మా నాన్నకి వేరే పని లేదు అన్నాడు. ఆమె కూడా మర్యాదలకి పోలేదు. నకిలీ సరుకు అమ్మావా లేదా అని సూటిగా అడిగింది. అమ్మానని ఒప్పుకున్నాడు. బావ మైదానంలో నేర్చుకునేవాళ్ళ కోసం ఇచ్చినవి కూడా ఆ సరుకేనన్నాడు. గొడవంతా అక్కడే మొదలైంది. నేర్చుకోవడానికి వచ్చిన ఒక అమ్మాయి బండి మీంచి పడింది. పడటం మెల్లగానే పడింది, హెల్మెట్ మాత్రం అప్పడంలా విరిగింది. ఆ అమ్మాయి ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. మాస్టారు ఆ ముక్కలన్నీ తెచ్చి కొట్లో బల్ల మీద పోసి, తెల్లారగానే వెళ్ళి ఫిర్యాదు ఇస్తానని అందరూ వింటుండగా చెప్పి వెళ్ళాడు. తెల్లారింది, కానీ ఫిర్యాదు ఇచ్చే మనిషే లేకుండా పోయాడు.

"మీ బావకి అమ్మింది కూడా అదే సరుకా?" అని అడిగింది ఆమె.

"ఆయనకి నాసిరకం అంటగట్టడం ఎవరివల్లా కాదు. ఆయన హెల్మెట్ కొనడం మీరు చూసుండాల్సింది," అన్నాడు కొట్టువాడు.

కనుబొమల పైనుంచి తల చుట్టూ టేపు పెట్టి కొలిపించుకున్నాడట. పెట్టుకున్నాక బుగ్గలు నొక్కుకుపోవాలి, అది మొదటి పరీక్ష. గడ్డం దగ్గర పట్టుకుని అటూ ఇటూ తిప్పితే హెల్మెట్‌తోపాటు నుదుటి చర్మం కూడా కదలాలి, చర్మం కదలకుండా హెల్మెట్ ఒక్కటే తిరిగిందా, పెద్ద సైజన్నమాట. పట్టీ బిగించి, వెనకనుంచి పైకి తోసి, ఊడి వస్తుందేమో చూశాడట. చివరికి అది పెట్టుకునే కొట్లో అరగంట తిరిగాడట, ఎక్కడైనా నొప్పి పుడుతుందేమోనని. మా అక్కతో పెళ్ళిచూపులకి కూడా అంతసేపు కూర్చోలేదు అన్నాడు కొట్టువాడు. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం అతను తల గోడ వైపు తిప్పుకున్నాడు.

అది తెల్ల హెల్మెట్, నడినెత్తిన నల్ల చార. మైదానంలోవీ అదే రంగు, అదే చార. అన్నీ ఒకేలా ఉండాలని మాస్టారే అడిగి చేయించుకున్నాడు. స్టేషన్లో ఉన్నది రెండింటిలో ఏదో కొట్టువాడు చెప్పలేకపోయాడు. అతనికి ఫోటో తప్ప వస్తువు చూపించలేదు. పోతూ పోతూ డిటెక్టివ్ అతనితో ఒక మాట అంది. నువ్వు మంచివాడివని నేను రాలేదు, ఆ అమ్మాయి తల పగిలిన పాపం నీదే, నీ కొట్టు మళ్ళీ తెరుచుకోకపోతే నాకేం బాధ లేదు అని.

ఇప్పుడు ఆ వస్తువే ఆమె చేతుల్లో ఉంది.

ముందు పైడొప్ప చూసింది. పగులు మొదలైన చోట గోడ సున్నం అంటుకుని ఉంది. గోడకి తగిలిన మాట నిజమే. తర్వాత తిరగేసి లోపల వేళ్ళతో తడిమింది. కుడివైపు మెత్త నెత్తురుతో ఎండిపోయింది. ఎడమవైపు మెత్త బిరుసుగా, కొట్లోంచి అప్పుడే తెచ్చినట్టుంది. మెత్తలు పట్టుకున్న గుండీలు ఒక్కొక్కటే టప్‌మని ఊడదీయడం మొదలుపెట్టింది.

ఇన్‌స్పెక్టర్ లేచి వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "సాక్ష్యం పాడుచేస్తున్నారు."

"లోపలేముందో చూడకుండానే ఇది నకిలీదని ఎలా తేల్చారు?"

"ముద్ర చూసి."

"ముద్ర చూసి హెల్మెట్ కొనేవాళ్ళున్నారు. ముద్ర చూసి కేసు తేల్చేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను. చెయ్యి తీయండి."

తలుపు దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ నేల వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. కానీ చెయ్యి తీశాడు.

మెత్తలన్నీ తీసేశాక, డొప్పకి లోపల అంటించిన తెల్లటి పొర బయటపడింది. టీవీ డబ్బాల్లో పెట్టే థర్మాకోల్ లాంటిది. హెల్మెట్‌లో అసలు పని చేసేది అదే. తల వెళ్ళి దేనికైనా కొట్టుకున్నప్పుడు ఆ పొర నలిగి, దెబ్బని తనలో దాచుకుంటుంది. నలిగిన చోట గుంట పడి మళ్ళీ పైకి లేవదు. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్‌ని పైకి ఎంత బాగున్నా పారేయమనేది అందుకే.

పగులు కింద ఉన్న పొరని ఆమె దీపం దగ్గర పెట్టి చూసింది. డొప్ప చీలిన గీత వెంట పొర కూడా చీలింది. అంతకుమించి ఏమీ లేదు. లోపలివైపు నున్నగా, అచ్చులోంచి తీసినట్టే ఉంది.

కొట్లోంచి పట్టుకొచ్చిన నకిలీ హెల్మెట్లు గోడవార కుప్పగా ఉన్నాయి. ఆమె ఒకటి తీసి, మెత్త పక్కకి జరిపి, పొరని బొటనవేలితో నొక్కింది. వేలు సగం దాకా దిగింది. తీసేసరికి గుంట మిగిలింది.

"చూశారా? ఇంత చవక సరుకు. నా వేలికే గుంట పడింది. మనిషి తల గోడకి కొట్టుకుంటే ఇక్కడ ఎంత పడాలి?"

ఇన్‌స్పెక్టర్ పగిలిన హెల్మెట్ తీసుకుని లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు.

"గోడకి తగిలినప్పుడు దీన్లో తల లేదు. ఎవరో ఖాళీ హెల్మెట్‌ని గోడకేసి బాది, తర్వాత ఆయనకి తొడిగారు. ఆయన తలకి దెబ్బ అంతకుముందే తగిలింది, ఇంకెక్కడో, ఒట్టి తలకి. ఇది ప్రమాదం కాదు," అంది ఆమె.

అతను వాదిస్తాడనుకుంది. అతను నవ్వాడు. హెల్మెట్‌ని ఈసారి జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, కానిస్టేబుల్‌ని పిలిచి, నిర్లక్ష్యం కేసు తీసేసి హత్య కేసు రాయమన్నాడు. ముద్దాయి మాత్రం మారడన్నాడు.

"తెల్లారితే ఫిర్యాదు ఇస్తానన్న మనిషి తెల్లారేసరికి పోయాడు. ఎవరికి మేలు? నా లాకప్‌లో ఉన్నవాడికే. ఆ పొద్దున ఎక్కడున్నావంటే కొట్లో ఒక్కణ్ణే పడుకున్నానంటాడు. నిన్నటిదాకా వాడికి రెండేళ్ళో మూడేళ్ళో పడేది. మీరొచ్చి యావజ్జీవం చేసిపెట్టారు. మీ దగ్గర పనిచేసినన్నాళ్ళూ నాకు ఇంత సాయం ఎప్పుడూ చేయలేదు మేడమ్."

ఆమె మెత్తలు తిరిగి బిగించి, చేతి తొడుగులు విప్పింది. అతని మాటలో తప్పు వెతికితే దొరకలేదు. వెనకనుంచి అతను ఇంకో మాట చేర్చాడు. మాస్టారి ఇంటి గడప తొక్కి సాక్షిని కదిపినట్టు తెలిస్తే, లాకప్‌లో ఆమెకి కూడా చోటు చూపిస్తానన్నాడు.

బయట కొట్టువాడి తండ్రి, ఆ పెద్దాయన, గోడ నీడన నిలబడి ఉన్నాడు. ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. హెల్మెట్ ఖాళీగా ఉన్నప్పుడే పగిలిందన్న మాట వినగానే ఆయన మొహంలో నెత్తురు ఇంకిపోయింది. అది ఎలా తెలుస్తుందని రెండుసార్లు అడిగాడు. తన రోజుల్లో ఈ బుట్టలు ఎవరు పెట్టుకున్నారని, వాటి లోపల ఇంత సంగతుందని తనకి తెలియదని గొణిగాడు. కొడుకు మీద హత్య కేసు పడుతుందని విన్నాక, ఇక చాలమ్మా, మీరు వదిలేయండి, వేరే దారి చూసుకుంటాను అన్నాడు. కొడుకుని ఇంకా లోతుకి దించానన్న కోపం కాబోలు అనుకుంది ఆమె. తను వేసిన ముడి తనే విప్పాలని పట్టుబట్టి, ఆటో పిలిచి ఆయన్ని కూడా ఎక్కించింది.

మాస్టారి భార్య తలుపు బెత్తెడు మాత్రమే తెరిచింది. ముందు తండ్రిని చూసింది, తర్వాత డిటెక్టివ్‌ని.

"మా తమ్ముణ్ణి బయటికి తేవడానికి వచ్చారు. అంతేగా?"

"అంతే."

"మరి నేనెందుకు రానివ్వాలి?"

"మీ ఆయన బండి మీంచి పడి చనిపోలేదు. ఎవరో చంపారు. అది మీ తమ్ముడే కావచ్చు కూడా. ఎవరో తేలాలంటే నేను లోపలికి రావాలి."

ఆమె కళ్ళు ఆర్పకుండా చూసింది. తర్వాత తలుపు తీసి, నాన్నని మాత్రం బయటే ఉండమనండి అంది. పెద్దాయన గేటు పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

లోపల ఆమె కూర్చోమనలేదు. అడిగినదానికి ముక్తసరిగా జవాబు చెప్పింది. ఆయన రోజూ ఆరుకల్లా మైదానానికి వెళ్ళిపోతాడు, నేర్చుకునేవాళ్ళు వచ్చేలోపు బండి తిప్పే దారికి గుర్తులు పెట్టుకోవాలి. ఆ రోజు తను నిద్రలేచేసరికే పక్క ఖాళీగా ఉంది. స్నానం చేస్తుంటే బండి చప్పుడు వినిపించింది. ఇప్పుడు వెళ్తున్నారన్నమాట అనుకుంది. వెళ్ళేటప్పుడు చూడలేదు. మరి హెల్మెట్ పెట్టుకుని వెళ్ళారని పోలీసులకి ఎలా చెప్పారంటే, ఆమెకి కోపం వచ్చింది. హెల్మెట్ లేకుండా ఆయన బండి మీద కాలు వేయడు, అది ఈ వీధిలో ఎవరినడిగినా చెప్తారు అంది.

ఆ హెల్మెట్‌ని ఎలా చూసుకునేవారని డిటెక్టివ్ అడిగింది. మొదటిసారిగా ఆమె గొంతులో గరుకు తగ్గింది. బండి అద్దానికి తగిలించనిచ్చేవాడు కాదు, ట్యాంకు మీద పెట్టనిచ్చేవాడు కాదు. పెట్రోలు అంటిన చేతులతో ముట్టుకుంటే కేకలేసేవాడు, పెట్రోలు ఆవిరికి లోపలి పొర పాడవుతుందట. హెల్మెట్ ముందు అద్దానికి పురుగులు అంటుకుంటే గోకకుండా, తడిగుడ్డ కప్పి, నానాక తుడిచేవాడు. వారానికోసారి లోపలి మెత్తలు ఊడదీసి, పసిపిల్లల సబ్బు పెట్టి గోరువెచ్చటి నీళ్ళలో పిసికేవాడు. పిల్లలు లేని ఇంట్లో ఆ సబ్బెందుకని కొట్లో అడిగితే, నాకు సిగ్గేసేదండీ అంది.

"మెత్తలు ఎక్కడ ఆరేసేవారు?"

"పెరటి వసారాలో. ఎండ తగలకూడదట. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. తీయడానికి చెయ్యి రాలేదు నాకు."

డిటెక్టివ్ అడక్కుండానే పెరట్లోకి నడిచింది.

వసారాలో కట్టిన తాడు మీద బుగ్గల మెత్తలు రెండూ, తల మెత్త ఒకటీ వేలాడుతున్నాయి. వాడి వాడి నలిగి, ఒక మనిషి మొహం ఆకారానికి వచ్చినవి. వీటిని ఎప్పుడు ఉతికారని ఆమె అడిగింది. ముందురోజు సాయంత్రమేనంది మాస్టారి భార్య. కొట్లో గొడవపడి వచ్చాడు, కోపం వస్తే ఏదో ఒకటి కడుగుతూ కూర్చోవడం ఆయన అలవాటు. రాత్రంతా వాన ముసురు, పొద్దున తను తిరగేసి వేస్తుంటే ఇంకా నీళ్ళు కారాయి.

"స్టేషన్లో ఉన్న హెల్మెట్‌కి మెత్తలున్నాయి. కొత్తవి. ఇప్పుడే నా చేత్తో ఊడదీసి చూశాను," అంది డిటెక్టివ్.

మాస్టారి భార్య గదిలోకి వెళ్ళి, గూట్లో ఉన్న వాన కోటు తీసి కింద పడేసింది. దాని వెనక గుడ్డసంచి ఒకటి ఉంది. మూతి విప్పి, అందులోంచి తెల్ల హెల్మెట్ బయటికి తీసింది. నల్ల చార. ఎక్కడా గీత లేదు, పగులు లేదు. లోపల మెత్తలు లేవు.

ఆమె దాన్ని పొట్టకి అదుముకుని మంచం మీద కూలబడింది.

"మెత్తలు ఆరలేదు. అందుకని ఆయన ఆ రోజు బండి తీయలేదు. నడిచి వెళ్ళారు," అంది మెల్లగా, తనలో తను అనుకుంటున్నట్టు.

"అవును. ఆయన తలకి ఉన్నది మైదానంలోని హెల్మెట్. మరి మీరు విన్న చప్పుడు? ఇంట్లోంచి బండి తీసుకెళ్ళింది ఎవరు? తాళంచెవి ఎక్కడుంటుంది?"

"వంటింటి తలుపు వెనక మేకుకి."

"అది బయటివాళ్ళకి తెలియదు. మీ తమ్ముడు ఆ రాత్రి ఇక్కడికి వచ్చాడా?"

"మా ఆయన వాణ్ణి గుమ్మం ఎక్కనిచ్చేవారే కాదు ఆ రోజు."

"బండి చప్పుడు గుర్తు తెచ్చుకోండి. ఎప్పటిలాగే ఉందా?"

"లేదు. ఆయన బటన్ నొక్కుతారు. ఆ రోజు కిక్కు కొట్టారు. ముందు కాలితో ఊరికే ఇలా నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కి, అప్పుడు ఒక్కటే..."

చేత్తో ఆ చప్పుడు పట్టి చూపిస్తున్న ఆమె చెయ్యి గాల్లోనే ఆగింది. కళ్ళు వీధి గుమ్మం వైపు తిరిగాయి. చిన్నప్పుడు రోజూ పొద్దున తనని నిద్రలేపింది ఆ చప్పుడేనని ఆమె తర్వాత ఎప్పుడో చెప్పింది.

"ఆ రాత్రి ఈ ఇంట్లో మీరిద్దరేనా ఉన్నది?" అని అడిగింది డిటెక్టివ్.

"నాన్న ఉన్నాడు. ఇద్దరికీ రాజీ కుదురుస్తానని సాయంత్రం వచ్చి ఇక్కడే పడుకున్నాడు."

పెద్దాయన డిటెక్టివ్ ఆఫీసులో గంటసేపు కూర్చుని అన్నీ చెప్పాడు. ఆ రాత్రి కూతురింట్లోనే పడుకున్నానన్న మాట ఒక్కటి చెప్పలేదు. ఆమె వారించేలోపే మాస్టారి భార్య లేచింది. హెల్మెట్ చేత్తో పట్టుకునే గుమ్మం దాటి, గేటు దగ్గరికి వెళ్ళి తండ్రి ఎదురుగా నిలబడింది.

పెద్దాయన ఆ పగలని హెల్మెట్‌ని చూశాడు. ఎవరూ ఏమీ అడగకముందే చెప్పడం మొదలుపెట్టాడు. పొద్దున్నే అల్లుడి వెంట మైదానం దాకా నడిచాడట. కొడుకుని జైలుకి పంపొద్దని చేతులు పట్టుకున్నాడట. ఆసుపత్రిలో ఉన్న పిల్ల కూడా ఒక తండ్రికి కూతురే మామయ్యా అని అల్లుడు చేతులు విడిపించుకున్నాడట. కోపంలో తోశాడట, ఒక్కసారే. ప్రహరీ కింద సిమెంటు దిమ్మ అంచుకి కణత తగిలింది. కదల్లేదు. బండి మీంచి పడ్డాడంటే లోకం నమ్ముతుందనుకుని, ఇంటికి వచ్చి బండి తీసుకెళ్ళాడు. మైదానం షెడ్డులోంచి చేతికందిన హెల్మెట్ తీసి గోడకేసి కొట్టాడు. అవి కొడుకు అమ్మిన నకిలీవేనని, ఆ పగులు వాడి మెడకే చుట్టుకుంటుందని ఆ కంగారులో తట్టలేదట. హెల్మెట్లన్నీ ఒకటే అనుకున్నానమ్మా అన్నాడు.

కూతురు ఏడవలేదు. మొహం చెక్కలా బిగుసుకుపోయింది.

డిటెక్టివ్ మనసులో ఇంకొకటి తిరుగుతోంది. శవాన్ని కోసిన డాక్టర్ని ఆమె నిన్ననే కలిసింది. దెబ్బ తగలగానే పోయిన ప్రాణం కాదిది, కొంతసేపు కొట్టుకుందని ఆయన చెప్పాడు. ఈ ఇంటి మనుషులెవరికీ ఆమె ఆ మాట చెప్పలేదు. ఇప్పుడు అడగక తప్పదు.

"మీరు బండి తీసుకుని తిరిగి వెళ్ళేసరికి ఆయన ఎలా ఉన్నారు? హెల్మెట్ తొడిగేటప్పుడు ఊపిరి ఉందా?"

పెద్దాయన ఆమె వైపు చూడలేదు. కూతురి కాళ్ళ వైపు చూశాడు.

"చెప్పు నాన్నా," అంది కూతురు.

"నన్ను గుర్తుపట్టాడు. మంచినీళ్ళు అడిగాడమ్మా," అన్నాడు ఆయన.